ముందు మన తప్పు

మొన్న భద్రాచలం బస్సులో నా పక్కన కూర్చున్నావిడ ఒళ్లో ఇప్పపువ్వు మూట ఉంది. ఎండిన పువ్వు తియ్యగా, కాస్త పులిసినట్టు వాసన వేస్తోంది. గంగయ్య మామ ఇంటి అరుగు వాసన అది. ఆయన చెప్పమన్న మాటను ఒకప్పుడు నేను సగంలో వదిలేశాను. ఆ సంగతి ఆయనకు చెప్పకుండానే ఆయన్ను మట్టిలో పెట్టాం.

దుమ్ముగూడెం అవతల, అడవి అంచున ఉన్న మా కోయగూడేనికి మామ పెద్దమనిషి. మా అమ్మకు వరసకు అన్న. ఏ తగవు వచ్చినా ఆయన దగ్గర ఒకటే పద్ధతి. నోరు విప్పినవాడు ముందు తన తప్పు చెప్పుకోవాలి. ఎదుటివాడి తప్పు ఆ తర్వాతే. నా చిన్నప్పుడు పొరుగింటి లచ్చయ్య మా మేక కాలు విరగ్గొట్టాడని నాన్న మండిపడుతూ వెళ్లాడు.

"ముందుగాల నీ తప్పేందో చెప్పు బావా," అన్నాడు మామ.

"నాదేం లేదు."

"అట్లనా? మరి నీ మేక కంచె దుంకి జొన్నచేన్లకు పెండ్లికి పోయిందా?"

అందరూ నవ్వారు. నాన్నా నవ్వేసి, మేకను కట్టెయ్యలేదని ఒప్పుకున్నాడు. "కోపంల కొట్టిన అన్నా, తప్పే," అన్నాడు లచ్చయ్య. ఇద్దరూ ఒకే ఆకుదొప్పలో కల్లు తాగి లేచారు. ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. తన తప్పు తానే చెప్పుకున్నవాడి రెండో మాటను మా గూడెం నమ్మేది.

నేను చదువుకొని భద్రాచలంలో సర్కారు ఆఫీసులో కాంట్రాక్టు ఉద్యోగంలో చేరాను. అడవిలో ఏళ్లుగా సాగు చేస్తున్నవాళ్లకిచ్చే పోడు పట్టాల విచారణ రోజున జనం ఎక్కువగా ఉండడంతో, కోయ మాట్లాడేవాళ్లు చెప్పేది వరండాలో విని, లోపలికొచ్చి తెలుగులో చెప్పమని ఆఫీసరు నాకు పురమాయించాడు. మామ వచ్చాడు.

"వాగు పక్క చెలక మా పోరగాండ్లు నిరుడు అడవి నరికి చేసిండ్రు. అది తప్పే, అది మాకొద్దు. పై చెలక మాత్రం మా తాత అడవి కొట్టి చేసింది. ఆయన పేరున నిలబెట్టిన రాయి గట్టు మీదనే ఉంది. వచ్చి చూడుమను."

లోపలికెళ్లి, అలవాటుగా అదే వరసలో మొదలుపెట్టాను. మొదటి మాటకే ఆఫీసరు తలెత్తాడు. "నిరుడు నరికారా? ఇక పాత సాగు ఎక్కడిది? ఇంకేమైనా ఉందా?"

నా ఉద్యోగం పర్మినెంటు కావలసిన రోజులవి. "వాళ్లంతా మీవాళ్లేగా?" అని ఆయన పొద్దున అడిగిన మాట ఇంకా చెవిలోనే ఉంది.

"అంతే సార్," అన్నాను.

పట్టా రాలేదు. అటవీశాఖవాళ్లు తాత రాయి పక్కనుంచే కందకం తవ్వి, చెలకలో మొక్కలు నాటారు. ఆ వయసులో మామ మిరపకాయ ఏరడానికి కూలికి పోయాడు. ఒకరోజు అడిగాడు: "రెండో మాట చెప్పినవా అల్లుడా?"

"చెప్పిన మామా. వాళ్లే ఇనలే."

"పోనీలే. నువ్వైతే చెప్పినవ్ గద," అని నా వీపు నిమిరాడు. ఆ చెయ్యి ఇప్పటికీ నా వీపు మీదే ఉంది.

మొన్న ఆ బస్సు దిగి నేరుగా గూడేనికి వెళ్లాను. అత్తను, పెద్దలను మామ అరుగు ముందు కూర్చోబెట్టి నిలబడ్డాను.

"పై చెలక మాట నేను లోపల చెప్పలే అత్తా. నౌకరీ పోతదని భయపడ్డ. చెప్పినని మామకు అబద్ధమాడిన. ఇగ ఏ ఆఫీసులనైనా వచ్చి ఇదే చెప్త. నన్ను మన్నించు."

అత్త కందకం వైపు చూసింది. తర్వాత, పద్ధతి ప్రకారం, నాకూ ఎదుటివాడి తప్పు చెప్పే వీలిచ్చింది.

"నీ తప్పు చెప్పినవ్. ఇగ రెండో మాట చెప్పు."

"రెండో మాట లేదత్తా," అన్నాను.