నేను అడిగి తెచ్చిన కార్డు

నా చిన్నప్పుడు మక్తల్ బజారులో మా బాపు గిన్నెల దుకాణానికి బోర్డు ఉండేది కాదు. ఇత్తడి బిందెలు, స్టీలు పళ్ళేలు, అల్యూమినియం గంజులు వాకిలి దాకా వేలాడుతుంటే బోర్డు ఎవరు చదువుతారని ఆయన అనేవాడు. ముందు దుకాణం, వెనక మా ఇల్లు. ఎవరైనా గిన్నె గట్టిదేనా అని అడిగితే వేలి కణుపుతో దాని మీద కొట్టి, ఆ చప్పుడు ఆగేదాకా చెవి పెట్టి విని, అప్పుడు చెప్పేవాడు. నేను పక్కన నిలబడి అచ్చం అలాగే వినేదాన్ని. పెద్దయ్యాక నేనూ అలా చెప్పాలని నా కోరిక.

మా పెరటి గోడకు ఆనుకుని, నేను చాచీ అని పిలిచే పక్కింటి పిన్ని ఇల్లు. ఆమె భర్త లారీ డ్రైవరు, నెలకు రెండుసార్లు ఇంటికొస్తే గొప్ప. చాచీ రవికెలు కుట్టేది. ఎవరింట్లో పెళ్ళి కుదిరినా ముందుగా ఆమె గడపలో బట్టల మూటలు దిగేవి. ఆ ఏడు నా తమ్ముడు కడుపులో ఉండగా అమ్మ కాన్పుకని పుట్టింటికి వెళ్ళింది. ఇంట్లో నేనూ, బాపూ, బాపును కన్న మా అవ్వా మిగిలాం. అవ్వకు చూపు ఆనక నా జడ వంకర వచ్చేది. అందుకని బడికి పోయే ముందు గోడ సందులోంచి చాచీ ఇంట్లోకి దూరేదాన్ని. ఆమె మిషను ఆపి, నోట్లో రిబ్బను పట్టుకుని, రెండు జడలు బిగించి అల్లేది.

అప్పట్లో మా వీధిలో ప్రెషర్ కుక్కర్ ఉన్న ఇళ్ళు తక్కువ. చాచీ కుట్టు డబ్బులు కూడబెట్టి మా దుకాణంలోనే కొన్నది. "కంపెనీ మాల్ చెల్లె. ఐదేండ్లు నీకు ఫికర్ లేదు," అని బాపు గ్యారంటీ కార్డు మీద తేదీ వేసి, దుకాణం ముద్ర కొట్టి ఇచ్చాడు. బిల్లు రాయలేదు. తెలిసినవాళ్ళకు బిల్లేమిటని ఇద్దరూ అనుకున్నారు. డబ్బాను వాళ్ళ ఇంటిదాకా నేనే మోసుకెళ్ళాను.

రెండు నెలలు నిండకముందే అది పేలింది. నేను బడిలో ఉన్నాను. మూత ఎగిరి పైకప్పు రేకుకు తగిలిందట. మరుగుతున్న పప్పంతా చాచీ కుడిచేతి మీద పడింది. సర్కారు దవాఖానలో పది రోజులుండి వచ్చేసరికి మోచేతి నుంచి వేళ్ళ కొనల దాకా కట్టు. బాపు అరటిపళ్ళు పట్టుకుని పరామర్శకు వెళ్ళాడు. ఆమె చేయి చూసి కళ్ళు తుడుచుకున్నాడు కూడా. నేనది చూశాను. అవి దొంగ కన్నీళ్ళని ఇప్పటికీ అనలేను.

ఆ సాయంత్రం నన్ను దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. "బిడ్డా, చాచీ దగ్గర కుక్కర్ కార్డు ఉంటది. పోయి పట్కరా. కంపెనీకి పంపి కొత్తది తెప్పిద్దాం. నేను పోతే ఆమెకు మొహమాటమైతది, నువ్వు పో."

నేను పరుగెత్తాను. చాచీ మంచం మీద పడుకుని ఉంది. కొత్త కుక్కర్ వస్తుందని చెప్తే నవ్వి, గడ్డంతో రేకు పెట్టె వైపు చూపించింది. చీరల అడుగున చేతిరుమాలులో మడిచి పెట్టుకున్న కార్డును నేనే తీసి తెచ్చాను. బాపు దాన్ని జేబులో పెట్టుకుని, నా చెంప తట్టి, సీసాలోంచి బిస్కెట్టు తీసిచ్చాడు. ఆ తర్వాత దుకాణం ముందు ఏ పార్సిలు దిగినా, కుక్కర్ వచ్చిందా అని ఉరికి చూసేదాన్ని.

మా బడి లెక్కల సారు భార్య చాచీ దగ్గరే బట్టలు కుట్టించుకునేది. ఒకరోజు సారు వచ్చి ఆ కుక్కర్ మూతను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆవిరి ఎక్కువైనప్పుడు కరిగి దారి ఇవ్వాల్సిన బిళ్ళ ఒకటి మూతకు ఉంటుందట. దీనికి ఆ జాగాలో ఉత్త అల్యూమినియం మేకు కొట్టారు. కంపెనీ పేరులో ఒక అక్షరం మార్చారు. అది నకిలీ మాలని ఆయన తేల్చాడు. కొనేవాళ్ళ కోసం కొత్తగా చట్టం వచ్చిందనీ, మేం పాలమూరనే మహబూబ్‌నగర్‌లో దానికో కోర్టు పెట్టారనీ, వకీలు లేకుండా తెల్లకాగితం మీద రాసి ఇచ్చినా వింటారనీ చెప్పాడు. అయితే ఎక్కడ కొన్నామో చూపించే కాగితం ఉంటే మంచిదన్నాడు.

చాచీ పోట్లాటకు రాలేదు. సంత రోజు దుకాణం నిండా జనం ఉండగా వచ్చి, మెల్లగా అడిగింది.

"అన్నా, గా కార్డు కంపెనీకి పంపినవా? లేకుంటే జర ఇయ్యవా?"

బాపు గిన్నెలు సర్దుతూనే, "ఏ కార్డు చెల్లె?" అన్నాడు.

"కుక్కర్‌ది. నువ్వే ముద్ర కొట్టి ఇచ్చినవు గద."

"ఊర్ల నాలుగు దుకాణాలున్నయ్. యాడ కొన్నవో ఏమో. నా దగ్గర కొన్నట్టు కాయితమేదన్న ఉంటే చూపియ్యి."

నేను బోర్లించిన గంగాళం మీద కూర్చుని ఉన్నాను. చాచీ నా వైపు చూసింది. 'నీ బిడ్డే గదా తీసుకుపోయింది' అని ఒక్క మాట అంటే చాలు. అంటుందనే అనుకున్నాను. ఆమె అనలేదు. కట్టు చేతి మీదికి కొంగు లాక్కుని దుకాణం మెట్లు దిగిపోయింది.

బాపు నా వైపు తల తిప్పలేదు. అప్పుడర్థమైంది. కార్డు ఏ కంపెనీకీ పోలేదు. ఆ ఇంట్లో నేను ఏది అడిగినా కాదనరని బాపుకు తెలుసు. అందుకే నన్ను పంపాడు. నాకు ఏడుపు రాలేదు. ఆ గంగాళం మీద అలాగే కూర్చున్నాను. బాపు ఇంకెవరికో గిన్నె మీద కొట్టి వినిపిస్తున్నాడు. మొట్టమొదటిసారి ఆ చప్పుడు వినాలనిపించలేదు.

అవ్వ పెరట్లో జొన్నలు చెరుగుతోంది. ఆమెకు అంతా చెప్పాను. చేట ఆగింది. "కార్డు నీ చేతులతోనే ఇచ్చినవా?" అని మాత్రం అడిగింది. ఇచ్చానన్నాను. మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది.

కాగితం లేకపోయినా చాచీ సారుతో అర్జీ రాయించి పంపింది. కొన్నాళ్ళకు దుకాణానికి నోటీసు వచ్చింది. అన్నం తింటూ బాపు దాన్ని అవ్వ ముందు పడేసి, "ఆమెకు మూత సరిగ పెట్టరాదమ్మా. మాల్ మంచిదే," అన్నాడు. అవ్వ సరేనన్నట్టు తలాడించింది.

మరునాడు మధ్యాహ్నం నేను బడి నుంచి అన్నానికి వచ్చేసరికి మా కిరసనాయిలు స్టవ్వు మీద కుక్కర్ ఉంది. దుకాణం వెనక గదిలో ఉన్న అదే రకం వాటిలోంచి అవ్వే తెచ్చుకుంది. "పప్పు ఇంక ఉడకలే బిడ్డా. దగ్గర కూసోని ఎన్ని కూతలు ఏస్తదో లెక్కవెట్టు," అన్నది. పీట జరుపుకుని దాని ఎదురుగా కూర్చున్నాను. బాపు కాళ్ళు కడుక్కుని చెంబుతో లోపలికి వచ్చాడు. కుక్కర్‌ను చూశాడు, దాని ముందు నన్ను చూశాడు.

మా బాపు అంత వేగంగా కదలడం నేనెన్నడూ చూడలేదు. చెంబు విసిరేసి, నా రెక్క పట్టి గుంజాడు. ఇద్దరం గడప దగ్గర పడ్డాం. "ఎవరు పెట్టమన్నరే దాన్ని! పేలుతది!" అని అరిచాడు.

అవ్వ నింపాదిగా లేచి కుక్కర్‌ను ఉత్త చేతులతో ఎత్తింది. కింద మంట లేదు. మూత తీసి మా ముందు వంచింది. లోపల నీళ్ళు కూడా లేవు.

"మంచి మాలేనంటివి గద కొడకా. మరి నీ బిడ్డను ఎందుకు గుంజినవ్?"

బాపు చెయ్యి ఇంకా నా రెక్కను పట్టుకునే ఉంది. ఆ పట్టు నొప్పి పెట్టింది. నేనంటే ఆయనకు ఎంత ప్రాణమో ఆ పట్టులో తెలిసింది. ఆయనకు ముందే అంతా తెలుసునన్నది కూడా అప్పుడే తెలిసింది. ప్రేమ లేనివాడు మోసం చేశాడంటే ఏడ్చి ఊరుకునేదాన్నేమో. ఇది అలాంటిది కాదు. ఆయన చేతిని విదిలించుకుని నేను అవ్వ వెనక్కి వెళ్ళి నిలబడ్డాను.

గోడ వైపు చూస్తూ బాపు చెప్పాడు. హైదరాబాదులో ఒక టోకు వ్యాపారి బిల్లు లేకుండా సగం ధరకు ఇచ్చాడట. కొన్నప్పుడు నకిలీవని తెలియదు. కానీ చాచీ కొనే ముందే పక్క ఊళ్ళో ఒకటి పేలిందని కబురు వచ్చింది. "అన్ని పేలయి గదమ్మా, అనుకున్న," అన్నాడు.

అవ్వ, "పాలమూరు పోయి నేనే అమ్మిన అని చెప్పు. నువ్వు చెప్పకుంటే నేను బస్సెక్కుత," అన్నది.

బాపు వెళ్ళాడు, ఒప్పుకున్నాడు. మందుల ఖర్చు, కుట్టుపని పోయినన్నాళ్ళ కూలి ఇవ్వాలని కోర్టు చెప్పింది. ఇచ్చాడు. తర్వాత ఆ టోకు వ్యాపారిని నిలదీద్దామని హైదరాబాదు పోతే, అతను బాపును కూర్చోమని కూడా అనకుండా, నా దగ్గర కొన్నట్టు కాగితముందా అని అడిగాడట. తిరిగొచ్చి ఆ సంగతి బాపే అవ్వకు చెప్పాడు. మిగిలిన కుక్కర్ల అడుగులకు అవ్వ దగ్గరుండి మేకుతో చిల్లులు కొట్టించి తుక్కు కింద అమ్మించింది. కొన్నాళ్ళు దుకాణానికి జనం తగ్గారు. అడిగినా అడగకపోయినా బిల్లు రాసివ్వడం మొదలుపెట్టాక మెల్లగా వచ్చారు. ఆ చట్టం లేకుంటే ఆ కుక్కర్లు ఇంకెన్ని ఇళ్ళకు పోయేవో, చివరికి మా బాపు ఎలాంటివాడిగా మిగిలేవాడో ఆలోచించాలంటే నాకు భయం.

కానీ కార్డు సంగతి ఆయన కోర్టులోనూ చెప్పలేదు, ఇంట్లోనూ ఎత్తలేదు. నన్నెందుకు పంపాడో ఏదో ఒకనాడు నాతో చెబుతాడని ఏళ్ళ తరబడి చూశాను. చెప్పకుండానే పోయాడు.

చాచీ ఇంటికి పోవడం నాకు చేతకాలేదు. నా జడలు నేనే వేసుకున్నాను. ఎన్నో నెలల తర్వాత ఒకరోజు ధైర్యం చేసి ఆమె గడపలో నిలబడి, కార్డు ఏమైందో చెప్పేశాను. ఆమె మళ్ళీ మిషను ముందు కూర్చుని ఉంది. కుడిచేతి రెండు వేళ్ళు వంగడం లేదు.

"నాకు ఎరుకే బేటీ. దుకాణంల నీ మొఖం చూసినప్పుడే ఎరుకైంది," అన్నది.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలే చాచీ?"

"చెప్తే జనమంత నిన్ను అడుగుదురు. బాపును పట్టియ్యాలె, లేకుంటే అబద్ధమాడాలె. నీకెందుకు గా గోస?" కాసేపు బట్ట సర్దింది. తర్వాత కోపమేమీ లేకుండానే అన్నది. "మీ బాపు వచ్చి అడిగుంటే కార్డు ఇయ్యకపోదును. నువ్వడిగినవని ఇచ్చిన."

సూదీ దారం నా చేతికిచ్చి ఎక్కించమంది. ఎక్కించి ఇచ్చాను.

తెలంగాణ వచ్చింది, మక్తల్ వేరే జిల్లాలో కలిసింది. ఆ కోర్టును ఇప్పుడు కమిషన్ అంటున్నారు, ఫిర్యాదు ఫోన్లోంచే పెట్టుకోవచ్చట. దుకాణం నా చేతికొచ్చి చాలా ఏళ్ళయింది. బిల్లు, గ్యారంటీ కాగితం పద్ధతిగా ఇస్తాను. అది చట్టం చెప్పిన పని, ఎవరైనా చేయాల్సిందే. ఇప్పటికీ నన్ను ఇబ్బంది పెట్టేది వేరే. ఎవరైనా ఆడమనిషి, "నువ్వు చెప్తున్నవు గదక్కా, చూసేదేమున్నది," అని డబ్బా విప్పకుండానే సంచిలో వేసుకుంటే ఇంకో వ్యాపారి సంతోషపడతాడేమో. నాకు చాచీ ఇచ్చిన కార్డు గుర్తొస్తుంది. వెనక్కి పిలిచి, డబ్బా విప్పించి, మూత ఆమె చేతికిచ్చి, ఆమె చూసిన తర్వాతే పంపుతాను.