నాలుగో భాగంలో ఏవ్రిల్ గొంతు

కొత్తొక వింత, పాతొక రోత అంటారు గానీ, గ్రిమ్స్‌బీ రేవు దగ్గరి పబ్బు మేడగదిలో నెలకో శనివారం మధ్యాహ్నం కూడే జనంలో సగంమందికి ఈ సామెత తలకిందులు. వాళ్లకు పాతే వింత, కొత్తంటే రోత. వాళ్లు కొట్టుకు చచ్చేది టీవీలో వచ్చే ఒక ధారావాహిక గురించి. దాని పేరు ‘లంగరు లేని ఓడ’. నక్షత్రాల మధ్య దారితప్పి తిరిగే ఓడ, నాలుగైదేళ్లకోసారి మారే కెప్టెను, వారానికో రాక్షసుడు. 1964లో మొదలై, మధ్యలో పదిహేడేళ్లు ఆగిపోయి, మళ్లీ కొత్త హంగులతో మొదలైంది. ఆగకముందుది పాత ఓడ, తర్వాతది కొత్త ఓడ. రెండింటిలో ఏది గొప్పదన్న తగువులో ఆ గదిలో ఇప్పటికి రెండు స్నేహాలు, ఒక పెళ్లి చెడిపోయాయి.

పాత ఓడ పక్షానికి పెద్ద క్లిఫర్డ్ డ్రూరీ. యాభై మూడేళ్ల బ్రహ్మచారి. రేవులో ఐసు ఫ్యాక్టరీ మూతపడేదాకా ఐసు దిమ్మెలు మోశాడు, ఆ తర్వాత చేపలకు పొగపెట్టే కొట్టంలో చేరాడు. ఎన్నిసార్లు స్నానం చేసినా పొగవాసన వదలదు. సమావేశాల్లో అతని పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీగా ఉండేది. అది తన మీద గౌరవం అనుకునేవాడు పాపం. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషి, అందులో సందేహం లేదు.

“మా రోజుల్లో గోడలు అట్టవి, మాటలు ఉక్కువి. ఇప్పుడు గోడలు ఉక్కువి, మాటలు అట్టవి,” అన్నాడు ఆ నవంబరు సమావేశంలో, వేయించిన చేప మీద వెనిగర్ చల్లుకుంటూ.

“మొదలెట్టాడమ్మా,” అంది మార్జరీ. ముప్ఫయ్యేళ్లు ఇంటింటికీ ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. సంఘానికి కార్యదర్శి. ఎవరు ఏం వాగినా నోటుపుస్తకంలో రాసుకోవడం ఆవిడకు అలవాటు.

“మీ రోజుల్లో రాక్షసుడంటే నెత్తిమీద చిల్లుల గిన్నె బోర్లించుకున్న మనిషే కదా క్లిఫ్? ఫొటోల్లో చూశాంలే. పాత చింతకాయ పచ్చడి!” అన్నాడు గ్యారెత్. ముప్ఫయ్యయిదేళ్లవాడు, లైబ్రరీలో కంప్యూటర్లు చూస్తాడు. కొత్త ఓడ పక్షంలో నోరున్నవాడు.

చిల్లుల గిన్నె మాట వినగానే క్లిఫర్డ్ ఒక్క క్షణం ఫోర్కు ఆపాడు. మళ్లీ అందుకున్నాడు. “పచ్చడికి రుచైనా ఉంటుందిరా అబ్బాయ్. మీదాంట్లో ఆ బాజాల మోతకి ఒక్క ముక్క వినబడి చస్తుందా? మాదాంట్లో ప్రతి మాటా గంట కొట్టినట్టు ఉండేది.”

“ఉండేది! ఇప్పుడేదీ మరి? ఉన్న ఒక్క టేపూ పెట్టెలో పెట్టి దానిమీద కూచున్నావుగా.”

ఆ టేపు సంగతి ఆ గదికే కాదు, దేశంలో ఓడ అభిమానులందరికీ తెలుసు. పాత ఓడ భాగాల్ని డెబ్బైల్లో ఛానెల్‌వాళ్లు చెరిపేశారు. టేపుల ఖరీదెక్కువ, పైగా ఇవన్నీ మళ్లీ ఎవరు చూస్తారులే అనుకుని వాటిమీదే వేరే కార్యక్రమాలు ఎక్కించారు. పాతా కొత్తా తేడా లేకుండా అందరూ కలిసి తిట్టుకునేది ఆ ఒక్క విషయంలోనే. మిగిలిందల్లా, ఆ రోజుల్లో పిల్లలు టీవీ ముందు మైకు పెట్టి పట్టుకున్న శబ్దం. ‘పొగమంచు రేవు’ కథలో నాలుగో భాగానికైతే అదీ లేదు. ముప్ఫై ఫొటోలు, క్లిఫర్డ్ దగ్గరున్న ఒక్క టేపు, అంతే. ముప్ఫయ్యేళ్లుగా అడుగుతున్నారు. బతిమాలారు, తిట్టారు, పిసినారి అని అభిమానుల పత్రికలో బొమ్మ కూడా వేశారు. “నాది, ఇవ్వను,” అన్నదే అతని సమాధానం.

ఇవ్వకపోవడానికి కారణం ఎవరికీ చెప్పలేదు. ఆ టేపులో అతని చెల్లెలు ఏవ్రిల్ ఉంది.

1967 నవంబరులో క్లిఫర్డ్‌కు పదకొండేళ్లు, ఏవ్రిల్‌కు ఎనిమిది. తండ్రి చేపల వేట ఓడ మీద వెళ్లి, వస్తూ హాంబర్గ్‌లో ఒక టేప్ రికార్డరు కొనుక్కొచ్చాడు. టేపు మాత్రం ఒక్కటే. ప్రతి శనివారం క్లిఫర్డ్ మైకును టీవీకి ఆనించి, పాత వారం మీదే కొత్త వారం పట్టేవాడు. ఇంట్లో ఎవరూ కిక్కురుమనకూడదని ఆజ్ఞ. తల్లి పాటించేది. ఏవ్రిల్ పాటించేది కాదు. నాలుగో భాగం పట్టిన రోజూ అంతే. “అమ్మ నీకూ బన్ను పెట్టింది క్లిఫీ, నీది కూడా నేనే తింటా.” “అయ్యో, అతను బయటే ఉండిపోయాడని కెప్టెనుకి తెలుసా?” రాక్షసుడు రాగానే పకపకా నవ్వి, “అది మనింట్లో చిల్లుల గిన్నే!” మధ్యమధ్య దగ్గు. ఆఖర్న వచ్చే సంగీతంతోపాటు శ్రుతి లేకుండా రాగం. వీటన్నిటి మధ్యా మూడుసార్లు పదకొండేళ్ల క్లిఫర్డ్ గొంతు: “ష్, నోర్ముయ్.” 

తర్వాతి వారం పట్టబోయేసరికి రికార్డరు మొరాయించింది. అది బాగయ్యేలోపు ఫిబ్రవరి వచ్చింది, మెదడువాపు జ్వరంతో మూడు రోజుల్లో ఏవ్రిల్ పోయింది. ఆ తర్వాత అతను ఏ వారమూ పట్టలేదు. అలా ఆ ఒక్క భాగం మిగిలింది. ఫొటోలు రెండున్నాయి, ఒకదాంట్లో కళ్లు మూసుకుంది. తల్లిదండ్రులు పోయాక, లోకంలో ఏవ్రిల్ గురించి తెలిసినవాడు క్లిఫర్డ్ ఒక్కడే. ఏటా ఫిబ్రవరిలో ఒకసారి తలుపు గడియపెట్టుకుని ఆ టేపు వినేవాడు. ఓడ కథ అతనికి అడ్డు. కెప్టెను ఎప్పుడు నోరు మూసుకుంటాడా, చెల్లెలు ఎప్పుడు మాట్లాడుతుందా అని కాచుకునేవాడు. పాత ఓడను అంత వెనకేసుకొచ్చే పెద్దమనిషి లోపలి సంగతి ఇదీ.

ఆ నవంబరు సమావేశం తర్వాత వచ్చిన ఫిబ్రవరిలో రికార్డరు బెల్టు తెగింది. టేపు చేత్తో తిప్పి చూస్తే వేలికి గోధుమరంగు పొడి అంటింది. ఆ పొడే ఏవ్రిల్ అని క్లిఫర్డ్‌కు అర్థమైంది. నెలరోజులు తిండి సహించలేదు. చివరికి మార్చి సమావేశానికి బిస్కట్ల డబ్బాలో టేపు పెట్టుకుని వెళ్లాడు.

గ్యారెత్ డబ్బా తెరిచి చూసి కుర్చీలోంచి లేచాడు. “ఇది... నిజంగా ఇస్తున్నావా?”

“పొడి రాలుతోంది. ఎన్నిసార్లు తిరుగుతుంది?”

“ఒక్కసారి తిరిగితే అదృష్టం. సన్నని సెగ మీద ఆరబెట్టి, ఒకే దెబ్బలో కంప్యూటర్లోకి పట్టాలి. నేను చేస్తా క్లిఫ్. ప్రాణం పెట్టి చేస్తా.”

చుట్టూ పదిహేనుమంది మూగారు. ఎవరో చప్పట్లు కొట్టారు. మార్జరీ కళ్లు తుడుచుకుంది. “ముండాకొడుకువి అనుకున్నానయ్యా ఇన్నాళ్లూ, క్షమించు,” అంది. చెల్లెలి సంగతి చెప్పాల్సింది అప్పుడే. నోటిదాకా వచ్చింది. నలభయ్యేళ్లుగా ఎవరితోనూ పలకని పేరు ఆ గోలలో, బీరు గ్లాసుల మధ్య పలకడానికి మనసొప్పలేదు. గ్యారెత్ మణికట్టు పట్టుకుని మాత్రం అన్నాడు: “దాన్లో ఉన్నదేదీ పోకూడదు. విన్నావా? ఏదీ.”

“ఒక్క మాట పోదు. ఒట్టు.”

ఏప్రిల్లో గ్యారెత్ ఫోన్ చేశాడు. టేపు ఒక్కసారే తిరిగిందట, తిరిగాక ఒట్టి ప్లాస్టిక్ నాడా మిగిలిందట. “కానీ అంతా పట్టేశా క్లిఫ్, మొదట్నుంచి చివరిదాకా!” ఆ రాత్రి క్లిఫర్డ్ చాలాకాలానికి కడుపులో చల్ల కదలకుండా నిద్రపోయాడు. వినిపించమని అడిగితే గ్యారెత్ నవ్వాడు. జులైలో అందరితోపాటు వినాలట, ఆశ్చర్యపోవాలట.

జులై సభకు హల్ నుంచీ లీడ్స్ నుంచీ కూడా వచ్చారు. అరవైమంది. కుర్చీలు చాలక కొందరు కిటికీల్లో కూర్చున్నారు. క్లిఫర్డ్ టై కట్టుకుని ముందువరసలో కూర్చున్నాడు. గోడమీద ఒకదాని తర్వాత ఒకటి ఫొటోలు, వాటి వెనక శబ్దం. ఓడ గంట మోగింది. కెప్టెను మాట్లాడాడు. నిన్ననే స్టూడియోలో మాట్లాడినంత స్పష్టంగా ఉంది.

రెండో నిమిషంలో బన్ను మాట రావాలి. క్లిఫర్డ్ ముందుకు వంగాడు. కెప్టెను ఆగాడు. ఆ చోట ఏమీ లేదు. చిన్న గరగర కూడా లేదు. తనే ముందు వెనకలు మరిచాడనుకున్నాడు. ఆరో నిమిషంలో “అతను బయటే ఉండిపోయాడని” రాలేదు. రాక్షసుడి ఫొటో పడింది, గదిలో జనం నవ్వారు. గోడలోంచి మాత్రం ఏ నవ్వూ రాలేదు. ఏ “నోర్ముయ్” కూడా లేదు. ఇరవై అయిదు నిమిషాలూ అతను ఆ ఖాళీలే విన్నాడు. ఏ ఖాళీలో ఎవరుండాలో ఆ గదిలో అతనొక్కడికే తెలుసు. ఆఖర్న సంగీతం నిండుగా, శుభ్రంగా మోగింది. దానితో కలిసి ఎవరూ పాడలేదు.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. హల్ నుంచి వచ్చిన ఒక ముసలాయన క్లిఫర్డ్ రెండు చేతులూ పట్టుకుని, “మా చిన్నతనం తిరిగిచ్చావు బాబూ,” అని ఏడ్చాడు. క్లిఫర్డ్ చేతులు విడిపించుకుని గ్యారెత్ దగ్గరికి నడిచాడు.

“ఆ పిల్ల ఏది?”

“ఏ పిల్ల?”

“మధ్యలో మాట్లాడే పిల్ల.”

“ఓ, అదా! చంపుకు తినేసిందనుకో!” గ్యారెత్ మొహం వెలిగిపోతోంది. “నూటపన్నెండు చోట్ల. ఒక్కో దగ్గూ, ఒక్కో నవ్వూ ఏరి పారేశా. మూడు నెలలు పట్టింది. ఆఖర్న పాడుతోంది కూడాను, అందుకే ఆ సంగీతం వేరే భాగంలోంచి తెచ్చి అతికించా. అతుకు తెలిసిందా అసలు? నువ్వే అన్నావుగా, పాత ఓడలో ప్రతి మాటా గంట కొట్టినట్టు ఉండేదని. అలాగే ఉండాలని పంతం పట్టా.”

“తీసిందంతా ఎక్కడ పెట్టావ్?”

“ఎక్కడేంటి? రెండు కాపీలుంటే కలగాపులగం అవుతుందని అసలుదాన్ని ఉంచలేదు. శుభ్రం చేసిన ముక్కని చేసినట్టు దానిమీదే ఎక్కించుకుంటూ పోయా. అయినా ఆ గోలంతా మళ్లీ ఎవరు వింటారులే అని...”

అది ఛానెల్‌వాళ్ల మాట, ఆ గదిలో ముప్ఫయ్యేళ్లుగా తిట్లు తింటున్న మాట. తన నోట్లోంచి వచ్చేసరికి గ్యారెత్ గుర్తుపట్టాడు.

“మా చెల్లెలు,” అన్నాడు క్లిఫర్డ్. “ఏవ్రిల్. మూడు నెలలకి పోయింది. ఎనిమిదేళ్లు.”

గ్యారెత్ కుర్చీలో కూలబడ్డాడు. అతన్ని కొట్టాలనిపించింది క్లిఫర్డ్‌కు. చెయ్యి లేవలేదు. ఎవర్ని కొట్టాలి? ఆ కుర్రాడు ప్రాణం పెట్టే చేశాడు. చెప్పనిది తను. ఒక్క టేపని పొదుపు చేసి, వారం వారం చెల్లెలి మీద చెల్లెల్ని చెరిపిందీ తనే. గంట కొట్టినట్టు ఉండేదని అందరి ముందూ డబ్బా కొట్టుకున్నదీ తనే. చేతులు కాలాయి, పట్టుకోవడానికి ఆకులైనా లేవు.

జనం వెళ్లిపోయారు. మార్జరీ ఇద్దరికీ టీ తెచ్చి మధ్యలో కూర్చుంది. సంగతంతా వింది. కష్టం చూస్తే ఊరికే ఉండలేని మనిషి, పైగా ఓడ అభిమాని. పోయిన భాగాలకు పోయిన నటుల బదులు తామే మాటలు చెప్పి పూర్తిచేసుకోవడం వాళ్లకు పరిపాటే.

“క్లిఫ్, ఆ పిల్ల మాటలు నీకు గుర్తున్నాయా?” అని అడిగింది.

“అన్నీ గుర్తున్నాయి.”

“అయితే చెప్పు నాయనా, రాసుకుంటా. మా చెల్లెలి మనవరాలికి ఎనిమిదేళ్లు. చక్కగా చెబుతుంది. ఎక్కడివక్కడ పెట్టేద్దాం. ఆ పిల్ల కాకపోయినా, ఆ పిల్ల మాటలైనా ఉంటాయి కదా.”

వద్దని అరవాలనుకున్నాడు. కానీ రాయకపోతే రేపు ఆ మాటలూ ఉండవేమోనని భయమేసింది. ఒక్కొక్కటే చెప్పాడు. బన్ను, కెప్టెను, చిల్లుల గిన్నె. దగ్గు ఎక్కడెక్కడో కూడా చెప్పాడు. మార్జరీ నోటుపుస్తకంలో నిమిషాలు వేసుకుంటూ రాసింది. గ్యారెత్ తల ఎత్తలేదు.

“మరి గొంతెలా ఉండేది?” అంది మార్జరీ పెన్సిలు పట్టుకుని. “ఆ పిల్లకి నేర్పాలిగా. సన్నగా ఉండేదా? బొంగురా?”

క్లిఫర్డ్ కళ్లు మూసుకున్నాడు. కెప్టెను మాట వచ్చింది. దాని తర్వాత బన్ను మాట రావాలి. మాట వచ్చింది, అక్షరం తప్పకుండా వచ్చింది. కానీ అది పొద్దుటినుంచీ మెట్లమీద ఆడుకుంటున్న పబ్బువాళ్ల పిల్ల గొంతుతో వచ్చింది. మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి తన గొంతుతోనే వచ్చింది. అలా ఎంతసేపు కూర్చున్నాడో, టీ చల్లారిపోయింది.

“ఎలా ఉండేది నాయనా?”

“ఆడపిల్ల గొంతు,” అన్నాడు క్లిఫర్డ్.

“అది సరేలే. ఎలాంటిది?”

“మామూలు ఆడపిల్ల గొంతే.”