వేలు పెట్టి చూపించిన పేరు

మొన్న మంగళవారం పొద్దున్న టీ గ్లాసు పక్కన పెట్టుకుని, ఫోను అద్దం పంచె అంచుతో తుడుచుకుంటూ ఉండగా విజయనగరం అచ్చాఫీసు నుంచి ఒక మెసేజ్ వచ్చింది. ఒకప్పుడు ఆ అచ్చాఫీసు నడిపినాయన కోడలు ఇప్పుడు దాన్ని కంప్యూటర్ల మీద నడుపుతోంది. నేను పుట్టి బుద్ధెరిగాక రాసిన ఒకే ఒక్క పుస్తకాన్ని, అంటే నా స్నేహితుడైన కవి జీవిత చరిత్రని, అతని శిష్యులు మళ్ళీ అచ్చు వేయిస్తున్నారనీ, దిద్దుబాట్లేమైనా ఉంటే శుక్రవారం లోపల చెప్పాలనీ, జవాబు రాకపోతే ఉన్నది ఉన్నట్టు వేసుకోమన్నట్టేననీ అందులో ఉంది. చివర దండం పెట్టే చేతుల బొమ్మ కూడా ఉంది. చదివినవాళ్ళెవరైనా మర్యాదైన కబురే అంటారు. నాకు మాత్రం టీ మీద మీగడ కట్టేదాకా చెయ్యి గ్లాసు మీదికి పోలేదు. జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే అన్న ఆ మాట నాది. పాతికేళ్ళ కిందట ఒక ఇన్లాండు లెటర్లో నేనే రాశాను.

మాది సాలూరు. కొండ దిగి వచ్చే చింతపండూ, పిప్పళ్ళూ, అడ్డాకులూ కొని కింది ఊళ్ళకి పంపే దుకాణం మా నాన్నది. నేను అక్షరాలకంటే ముందు బేరం నేర్చుకున్నాను. మా బజారులో ఒక పద్ధతి ఉండేది. ఆఖరి మాట అనేశాక అవతలి మనిషి నోరు మెదపకుండా, తట్ట ఎత్తుకోకుండా నిలబడిపోతే బేరం కుదిరినట్టే, మళ్ళీ అడిగే పని లేదు. చిన్నతనంలో నేను మొహమాటపడి ఎదుటివాళ్ళ మొహంలోకి చూస్తూ ఉండిపోతే నాన్న విసుక్కునేవాడు. "ఇంకా ఏటి సూత్తన్నావురా? తట్ట ఎత్తలేదు గదా. బేగి లోపలెట్టు." ఆ పద్ధతితోనే పెరిగాను, ఆ పద్ధతితోనే పెళ్ళి చేసుకున్నాను. మా ఆవిడ మౌనంగా ఉంటే ఒప్పుకుందనుకుని ఎన్నిసార్లు తల బొప్పి కట్టించుకున్నానో చెప్పడం మొదలుపెడితే ఈ కథ ఇవాళ తేలదు.

నా స్నేహితుడు, నేనూ ఒకే బెంచీ మీద చదువుకున్నాం. అతను పంతులై అనంతగిరి దాటాక కొండల్లో ఒక బడికి వెళ్ళి, బదిలీ వచ్చినప్పుడల్లా కాళ్ళావేళ్ళా పడి ఆపించుకుంటూ, అక్కడే తలపండించుకున్నాడు, అక్కడే కవీ అయ్యాడు. పదవీ విరమణ దగ్గరపడుతుంటే శిష్యులు సన్మానం చేసి, అతని జీవిత చరిత్ర అచ్చు వెయ్యాలనుకున్నారు. రాసేవాళ్ళెవరూ దొరక్క నా దగ్గరికి వచ్చారు. నేను ముందు కాదన్నాను, తర్వాత చూద్దామన్నాను, చివరికి అట్ట మీద నా పేరు కూడా కవి పేరంత లావు అక్షరాల్లో ఉంటేనే రాస్తానని ఒప్పించుకున్నాను. సాహిత్యంలో నేను గెలిచిన బేరం అదొక్కటే.

ఆ బడికి ఫోను లేదు. అందుకని పుస్తకమంతా ఉత్తరాల మీద నడిచింది. నేను ప్రశ్నలు రాసేవాణ్ణి, వారం పది రోజులకి జవాబు వచ్చేది. ఇప్పుడు తీసి చదువుకుంటే అవి జీవిత చరిత్రకి వేసిన ప్రశ్నల్లా ఉండవు, సంతలో తట్ట ముందు గొంతుక్కూర్చున్నట్టు ఉంటాయి. పెళ్ళిచూపుల్లోంచి నువ్వు పెరటి గోడ దూకి పారిపోయిన సంగతి వదిలేస్తాను గాని, అందుకు బదులు చలిజ్వరం వచ్చిన ఏడాది కొండ ఎందుకు దిగలేదో చెప్పమని రాసేవాణ్ణి. అతను, గోడ దూకింది నిజమే, వేసుకో, జ్వరం సంగతి మాత్రం అడక్కు అనేవాడు. అలా ఒక నిండు జీవితాన్ని మేమిద్దరం తలా ఒక వైపు లాగుతుండగా, వానాకాలం వెళ్ళే రోజుల్లో ఆ ఉత్తరం వచ్చింది.

అతనికి పేరు తెచ్చిన పాట ఒకటుంది. కొండ మీంచి దిగే పొగమంచుని పెంపుడు మేకని పిలిచినట్టు ఇంటికి పిలిచే పాట. ఆ చుట్టుపక్కల బళ్ళన్నిటిలో పిల్లలు పాడేవారు. ఆ పాట తనది కాదని రాశాడు. తను కొత్తగా వెళ్ళిన రోజుల్లో బడి ఎదురుగా చోడిచేను కాసే ఒక గుంట పాడేదనీ, మంచుని మేక అనడమూ, ఆ వరసా ఆ పిల్లవేననీ, తను తెలుగులో పెట్టుకుని కింద తన పేరు రాసుకున్నాననీ, ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదు గనక చెప్పలేదనీ, ఇప్పుడు నువ్వు అడుగుతున్నావు గనక చెబుతున్నాననీ రాశాడు.

ఆ ఉత్తరం చదివాక నాకు అన్నం సయించలేదు. సన్మానానికి పెద్దలు వస్తున్నారు, పిల్లలు అదే పాట పాడబోతున్నారు, ఆ రోజే నా పుస్తకం విప్పి ఇది అతనిది కాదని చదువుకుంటే అతని పరువేం కాను, అట్ట మీద లావుగా ఉన్న నా పేరేం కాను. కొండ పాటల ప్రభావం ఉందని ఒక వాక్యం వేసి ఊరుకుందామని రాశాను. అది చాలదన్నాడు. ఒక కొండ గుంట నోట విన్నాడని వేద్దామన్నాను. గుంటకి పేరుండదా అని అడిగాడు. ఈ లోపల ఆ పాట గురించి నేను రాసిన పేజీ అచ్చాఫీసులో అక్షరాలు కూర్చి సిద్ధంగా ఉంది. అచ్చాఫీసాయన నా కోసం కబురు మీద కబురు పెట్టాడు. బస్సెక్కి వెళ్తే చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "బాబూ, మీ మేకపాటకి కట్టిన అచ్చరాలు ఎన్నాళ్ళుంచమంతారు? శుభలేఖలకి అచ్చరాల్లేక పెళ్ళికొడుకు పేరు సగమేసి కూకున్నాను."

అక్కడే బల్ల మీద ఆఖరి ఉత్తరం రాశాను. ఆ సంగతి మొత్తం తీసేస్తున్నాను, పదిహేను రోజుల్లో నీ జవాబు రాకపోతే నువ్వు ఒప్పుకున్నట్టే అని. తట్ట ఎత్తుకుంటావో, వదిలేస్తావో నీ ఇష్టం అన్నమాట.

ఆ పదిహేను రోజులూ నేను దుకాణంలో కూర్చున్నానే గాని, చూపంతా పోస్టుమేన్ సైకిలు వచ్చే సందు మీదే ఉండేది. జవాబు రావాలని కోరుకుంటున్నానో, రాకూడదని కోరుకుంటున్నానో నాకే తెలిసేది కాదు. గంట వినబడితే తక్కెడ వదిలేసి గుమ్మంలోకి వచ్చేవాణ్ణి, సైకిలు మా గుమ్మం దాటిపోతే ఊపిరి వచ్చేది, ఆ ఊపిరి వచ్చినందుకు సిగ్గేసేది. పదహారో రోజు బస్సెక్కి వెళ్ళి తీసెయ్యమన్నాను. నా కళ్ళ ముందే ఆ పేజీ విప్పి, సీసం అక్షరాలు ఎక్కడివక్కడ గళ్ళల్లో వేసేశారు.

పద్దెనిమిదో రోజు ఉత్తరం వచ్చింది. అతను మౌనంగా ఊరుకోలేదు, నడుస్తున్నాడు. ఒకప్పుడు చోడిచేను కాసిన ఆ గుంట పెళ్ళై రెండు కొండల అవతలికి వెళ్ళిందట. ఆవిణ్ణి అడక్కుండా జవాబు రాయడం న్యాయం కాదని వెళ్తే పోడు చేలో మకాం ఉందన్నారట, అక్కడికీ వెళ్ళాడట. ఆవిడన్నది అన్నట్టే రాశాడు. "పాట మాయమ్మది గాని, పాడింది నానే గదా బాబూ. నా పేరెయ్యి." కింద, గీత గీసి మరీ, పేరు బుద్రి, తప్పకుండా వెయ్యి అని రాశాడు.

అప్పటికి పుస్తకాలు కుట్టేస్తున్నారు. ఒక చిన్న చీటీ అచ్చు వేయించి ప్రతి కాపీలోనూ అంటించి ఉండవచ్చు. గడువు దాటింది గదా, బేరం అయిపోయింది గదా అని నాకు నేను చెప్పుకుని ఆ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకున్నాను. సన్మానం నాడు కూడా అది జేబులోనే ఉంది.

అరకులో బడి మైదానంలో జరిగింది. పాట పాడారు, చప్పట్లు కొట్టారు. అతను వేదిక మీద పుస్తకం తెరిచి, కొన్ని పేజీలు తిప్పి, మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు. జనం లేచాక కొత్త చీర కట్టుకున్న ఒక కొండమనిషి పుస్తకం రెండు చేతులా పట్టుకుని నా దగ్గరికొచ్చింది. "పంతులుబాబు సెప్పినారు, నా పేరేసినారట. ఏదీ, సూపించు బాబూ."

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. చదువురాని మనిషి ముందు నా వేలు నాకంటే ముందు కదిలింది. చేతికొచ్చిన పేజీ తెరిచి ఒక మాట మీద పెట్టాను. ఆవిడ వంగి చూసి, "ఇంత సిన్నగుందేటి?" అంది. చిన్న పేరే గదమ్మా అన్నాను. "మీ పేరు మాత్రం అట్ట నిండా ఏసుకున్నారు గదా," అని నవ్వి, కొంగున కట్టుకున్న పసుపు తీసి ఆ మాట మీద రాసి, పుస్తకం గుండెకి ఆన్చుకుని వెళ్ళిపోయింది. ఆ మాట ఏమిటో నాకు ఇప్పటికీ గుర్తే. సామాను. పంతులుగారి సామాను మర్నాడు లారీ మీద వచ్చిందన్న వాక్యంలోది.

నా స్నేహితుడు నాలుగడుగుల దూరంలో నిలబడి ఇదంతా చూశాడు. ఆ తర్వాత పదకొండేళ్ళు బతికాడు, ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. కాఫీ పూత గురించీ, మోకాళ్ళ నొప్పుల గురించీ, మా ఆవిడ పంపిన ఊరగాయ గురించీ రాశాడు గాని, ఆ పేరు గురించి ఒక్క ముక్క రాయలేదు. మౌనం గనక క్షమించాడనుకున్నాను, మా బజారు లెక్క అదే గదా. కొండ మీద లెక్క వేరని చాలా కాలానికి గాని తెలియలేదు. అక్కడ కాదని మొహం మీద అనరు, ఆ ఒక్క సంగతి తప్ప మిగిలినవన్నీ మాట్లాడతారు.

ఆ వైపు నుంచి కాఫీ గింజలు తెచ్చే ఒకాయన కిందటి నెల చెప్పాడు, బుద్రి ఉందట, చూపు ఆనడం లేదట, మనవరాలు అదే బళ్ళో పంతులమ్మట. ఆ ఇంట్లో ఇప్పుడు చదివే కళ్ళున్నాయి. పసుపు మరక కింద ఏముందో ఆ పిల్ల చదివిందో లేదో, చదివి ముసలమ్మకి చెప్పిందో, చెప్పలేక మూసేసిందో, నాకు తెలియదు.

మంగళవారం సాయంత్రానికల్లా బుద్రి పేరున్న ఆ పాత ఉత్తరం ఫొటో తీసి, పేజీ మళ్ళీ రాసి, పేరు పెట్టి పంపాను. రెండు గీతలు నీలంగా మారాయి. జవాబు లేదు. బుధవారం లేదు, గురువారం మధ్యాహ్నం దాకా లేదు. ఒకప్పుడు ఉత్తరం ఎక్కడుందో తెలియక దడగా ఉండేది, ఇప్పుడు అవతలి మనిషి చదివేసిందని తెలిసి దడగా ఉంది. చేరడానికి పట్టే రోజులన్నీ ఎటో పోయాయి. ఆ రోజుల్లో మనసు మార్చుకోవడానికి, రెండు కొండలు నడిచి ఒక మనిషిని అడిగి రావడానికి ఉన్న వ్యవధి కూడా వాటితోనే పోయింది. ఇక ఆగలేక ఫోను చేశాను. ఆ అమ్మాయి, "చూశానండి, మార్చేశాను. మెసేజ్ పెట్టలేదంటే ఓకే అనే గదండీ," అంది. అలా కాదమ్మా, ఆ పేరు నాకు పైకి చదివి వినిపించమన్నాను. చదివింది. ఇంకోసారి చదవమన్నాను.

మొదటి కాపీ నేనే పట్టుకెళ్తాను. ఘాట్ రోడ్డు ఈ వయసులో వద్దని మా ఆవిడ అంటోంది. వెళ్ళి మనవరాలి చేతికిస్తాను. ఆ పేరు ఎక్కడుందో ఆ పిల్లే వెతుక్కుని, ముసలమ్మకి చదివి చెబుతుంది. నేను మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాను.