దొరగారి అర కిలో

కాటా మావయ్య దేన్నైనా తూచందే నమ్మడు. కొక్కెం ఉన్న చిన్న కాటా ఎప్పుడూ ఆయన మెడలోనే వేలాడుతుంటుంది. పుచ్చకాయ, పక్కింటి పిల్లి, మేనకోడలు తెచ్చిన స్వీటు పెట్టె, ఏదైనా ఒకసారి ఆ కొక్కేనికి ఎక్కి దిగాల్సిందే.

"అది పది కిలోల కాటా కాబట్టి బతికిపోయాను," అంటుంది అత్తయ్య.

అలాంటి మనిషి దగ్గర పెరిగిన దొర మాత్రం పీపాలా తయారైంది. దొర ఆయన గుర్రం. పాలబండి పోయి వ్యాను వచ్చాక దానికి పని పోయింది గానీ ఆకలి పోలేదు. రెండడుగులు వేసి మూడు నిట్టూర్పులు విడిచేది. ఈగ వాలితే తోక ఊపాలా వద్దా అని ఆలోచించేది.

పశువుల డాక్టరు దాని ఛాతీకి టేపు చుట్టి బరువు లెక్కగట్టాడు. "అరవై కిలోలు తగ్గాలి. లేదంటే గిట్టలు వాచి, లేచి నిలబడటమే కష్టమవుతుంది."

మావయ్య మెడలోని కాటా పైకెత్తి చూపించాడు. "తూచే పెడుతున్నానండీ! పూటకి నాలుగు కిలోల గడ్డి, గ్రాము ఎక్కువ కాదు!"

"మరి జేబులో ఆ బిస్కెట్లు?" అంది సైన్సు చదివిన మేనకోడలు.

"చేత్తో పెట్టేది తిండెలా అవుతుందే? పలకరింపు!"

"రోజుకెన్ని పలకరింపులు?"

జీవితంలో ఆయన తూచనిది అదొక్కటే. తూస్తే కిలోంపావు తేలింది.

మర్నాటి నుంచి నానబెట్టిన గడ్డి, అదీ గబగబా లాగకుండా సన్న కన్నాల వలలో. బిస్కెట్లు బందు. రెండు పూటలా నడక. దొర ఖాళీ జేబును చప్పరిస్తుంటే చూడలేక మావయ్య తనూ బిస్కెట్లు మానేశాడు.

సాయంత్రం నడక మేనకోడలి వీధిలోనే. ఆమెకు నాలుగు నెలల పాప. పాప బరువుకు గ్రాఫు గీసి, ఆ గీతకేసి రోజుకి మూడుసార్లు చూసి దిగులుపడేది. ఆరు కొట్టగానే పాప ఏడుపు అందుకునేది. ఎత్తుకు తిప్పినా, జోకొట్టినా ఫలితం సున్నా. గిట్టల చప్పుడు వినపడితే మాత్రం ఠక్కున ఊరుకునేది. దొర నాలుగుసార్లు వీధి తిరిగేసరికి నిద్రలోకి జారుకునేది. అప్పుడు మేనకోడలు కూర్చుని, వేడివేడిగా నాలుగు ముద్దలు తినేది.

మూడు నెలలకి డాక్టరు మళ్ళీ టేపు చుట్టాడు. అరవై రెండు తగ్గింది! "ఇక వీధులు తిప్పక్కర్లేదు. దొడ్లో వదిలితే చాలు, అదే గంతులేస్తుంది."

"మంచిదే," అంది మేనకోడలు. కళ్ళు మాత్రం గోడ గడియారం మీదికి పోయాయి.

ఆ సాయంత్రం ఆరు కొట్టింది. పాప నోరు తెరిచింది. అంతలో వీధిలో టక్ టక్ టక్ టక్.

ఆమె గుమ్మంలోకి పరిగెత్తింది. "మావయ్యా, తగ్గాల్సింది తగ్గిందిగా?"

"డాక్టరు కొలిచాడంతే, తూచలేదుగా. ఇంకా అర కిలో ఉంది."

"గుర్రాన్ని దేంతో తూచావు?"

మావయ్య మెడలోని పది కిలోల కాటా కేసి చూసుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"కంటి చూపుతో."

"చూపుతోనా! నువ్వా! ఆ అర కిలో ఎప్పటికి తగ్గుతుందట?"

"మొండి అర కిలోలే. ఏడాది పట్టొచ్చు," అంటూ దొర కళ్ళెం పట్టుకుని కదిలాడు. "పోవే లోపలికి, అన్నం చల్లారిపోతుంది!"