గర్భిణి జుట్టు కోసం

కొందరు పిల్లలు నెలలు నిండకుండానే ఎందుకు పుడతారు, తల్లుల ఒత్తిడికి అందులో పాత్ర ఎంత అన్నది తెలుసుకోవడం నా పని. ఉద్యోగం పోర్ట్ బ్లెయిర్‌లో. జుట్టు పెరిగేటప్పుడు ఒంట్లోని ఒత్తిడి హార్మోను కాస్త అందులో నిలిచిపోతుంది. అందుకని గర్భిణుల తల వెనక ఒక సన్నటి పాయ కత్తిరించి తెచ్చి పరీక్షిస్తాం. సూది లేదు, నొప్పి లేదు, చాలా సులువని అందరికీ చెప్పుకున్నాను. కడుపుతో ఉన్న మనిషి జుట్టుకు కత్తెర తగలకూడదన్న మా వాళ్ల పట్టింపు నాకు తట్టనే లేదు.

తెలుగు మత్స్యకారుల బస్తీలో మొదటి వారమంతా టీలు తాగి వచ్చేశాను. సూదికైతే చెయ్యి చాపేవాళ్లు కూడా కత్తెర చూడగానే కొంగు తలమీదికి లాక్కునేవారు.

ఒక ఇంట్లో మాత్రం కోడలు ఒప్పుకుంది. ఫీనిక్స్ బే రేవులో పడవ టికెట్లిచ్చే అమ్మాయి, ఐదో నెల. "నాకేం ప్రాబ్లం లేదు దీదీ," అని జడ ముందుకు వేసుకుంది. వాకిట్లో చేపలు కోస్తున్న అత్తగారు చేతులు కడుక్కోకుండానే లోపలికి వచ్చింది.

"ఏటమ్మా, కడుపుతో ఉన్న పిల్ల తలకి కత్తెరెడతావా? మీ ఘర్లో ఇలగే సేత్తారేటి?"

"నాకూ ఐదో నెలేనమ్మా. ముందు నా జుట్టే తీయించుకున్నాను," అని వెనక్కి తిరిగాను. నా బృందానికి పని నేర్పడం కోసం చేయించుకున్న కత్తిరింపు అది.

చేపల చెయ్యి దూరంగా పెట్టుకుని, మోచేత్తో నా జడ తోసి చూసింది.

"మీయమ్మకి తెలుసా?"

తెలియదు.

"ఫోన్ కలుపు."

అమ్మ మధ్య అండమాన్‌లోని రంగత్‌లో ఉంటుంది. స్పీకరు పెట్టి ముందుకు చాపాను. అమ్మ ఎత్తగానే అత్తగారు మొదలుపెట్టింది: "దీదీ, నీ బేటీ కడుపుతో ఉండి జుట్టు కోయించుకుంది, మాలూమా నీకు?"

అమ్మ నన్ను కాదు, ఆవిడనే అడిగింది. "చాలా తీసేసిందా?"

"లేదులే, కనబడదు."

"చిన్నప్పట్నుంచీ అంతే. అన్నీ అయ్యాక చెబుతుంది. ఈసారి అదీ లేదు."

"మా కోడలూ అంతే."

ఇద్దరి తాతలూ సోంపేట వైపు నుంచే వచ్చారని తేలాక ఆ ఫోనులో ఇక నాకు వంతు రాలేదు. వాంతులు, గుండెలో మంట, ఎవరికి ఏ చేప పడటం లేదో అన్నీ అయ్యాక ఆవిడ కోడలి వైపు తిరిగింది.

"సచ్ బోల్, నీకిష్టమేనా?"

"ఇష్టమే అత్తా."

"అయితే తీసుకోనీ. నాదీ తీసుకో డాక్టరమ్మా. టెన్షన్ ఎవులికెక్కువో తేలిపోవాల."

గర్భిణులవే తీసుకుంటామంటే నిజంగానే నొచ్చుకుంది. అయినా మర్నాటి నుంచి ఆవిడే నన్ను ఇల్లిల్లూ తిప్పింది. వాకిట్లో నిలబెట్టి నా జడ ఎత్తి చూపించేది. ఎవరినీ బలవంతపెట్టొద్దంటే, "నానేటి సేసాను, నిన్ను సూపిత్తన్నానంతే," అనేది. ఒక్కొక్కరే ముందుకు వచ్చారు.

కొన్ని నెలలకు నాకే గడువుకు నెల ముందు కాన్పయింది. ఇలాంటి కాన్పులకు చాలాసార్లు ఫలానాదని ఒక కారణం దొరకదని తల్లులకు చెప్పేదాన్ని. వార్డులో అదే మాట నాకు నేను చెప్పుకుంటే పనిచేయలేదు. బక్కగా ఉన్న పాపను వెచ్చదనం కోసం గుండెకు కట్టుకుని ఏడుస్తూ కూర్చున్నాను. అమ్మ రంగత్ నుంచి వచ్చింది. మర్నాడు బస్తీ నుంచి ఆ అత్తగారు టిఫిన్ డబ్బాలో, పొడిపొడిగా వేయించిన పాలసొర పుట్టు తెచ్చింది. బాలింతకు పాలు పడతాయని మా వాళ్లు పెట్టే చేప అది.

"జుట్టు వల్లే ఇలా అయిందని బస్తీలో అనుకుంటున్నారా?" అని అడిగాను.

"అనుకున్నోలు అనుకున్నారు. నా కొడుకు ఏడో నెల్లో పుట్టాడు, అప్పుడు నానేటి కత్తిరించుకున్నాను? అదే సెప్పాను. ఇప్పుడాడు మా గుమ్మంలో పట్టడు. తిను."

తిన్నాను. ఏడుస్తున్న నాకు నవ్వొచ్చింది.

తర్వాతి నెలలో ఆవిడ కోడలికి నెలలు నిండి కొడుకు పుట్టాడు. ఆ వారంలోనే బస్తీలో మరో ఇద్దరు గర్భిణులు జుట్టిస్తామని నాకు కబురంపారు. మా పాపకిప్పుడు మూడేళ్లు. అబర్డీన్ బజార్లో చెయ్యి వదిలితే చాలు, ఏదో ఒక దుకాణంలోకి దూరిపోతుంది. దాని వెనక నేను, నా వెనక అమ్మ.