కాలిన ఈక వాసన

కెమికల్ కంపెనీలో నా పని పోయిన మూడు నెలలకు, వెలిమెల దగ్గర విలువిద్య నేర్పే ఒకాయన పాతకాలపు వెదురు బాణాలు పన్నెండు చేసిమ్మన్నాడు. చిన్నప్పుడు తాత నేర్పిన పని. ఇదీ చెడితే నాకు ఇంకో దారి లేదు.

పాశమైలారంలోని మా కిరాయి గదిలో టర్కీ కోడి ఈకలు ముందేసుకుని కూర్చున్నాను. బాణానికి మూడు ఈకలు, మూడూ ఒకే వైపు రెక్కవి కావాలి. కలగలిపితే బాణం నిలకడగా పోదు. జిగురుతో అంటించి, దారం చుట్టి, చివరికి కర్ర పిడి ఉన్న తీగను ఎర్రగా కాల్చి, దాంతో ఈకల అంచులు సమం చెయ్యాలి. ఆ కమురు కంపుకు నా భార్య పొద్దున్నుంచీ కిటికీ దగ్గరే కూర్చుంది.

పదకొండో బాణం అయిపోయింది. తీగ చేతిలో ఉండగానే బాణాన్ని తిప్పి చూసుకుంటున్నాను.

"ఈక కాల్చుడు అయిపాయె గద. ఇంకేం కాలుతుంది?" అంది ఆమె.

చూస్తే తీగ నా ఎడమ చేతి చూపుడు వేలి మీద ఆనుకుని ఉంది. ఆమె వచ్చి దాన్ని లాగేసింది.

"నొస్తలేదా?"

"లేదు."

"ఎప్పటి సంది?"

"కంపెనీల డ్రమ్ములు కడిగేటప్పటి సంది."

చెప్తే తీసేస్తారని కంపెనీలో చెప్పలేదు. చెప్పకపోయినా తీసేశారు, వాళ్లదేం పోయింది.

ఆమె నా నడిమి వేలు గిల్లి ముఖంలోకి చూసింది. ఉంగరపు వేలు గిల్లి చూసింది. చిటికెన వేలు కూడా అయ్యాక, గిల్లడం ఆపి ఆ వేళ్లను గుప్పిట్లో పట్టుకుంది.

పట్టుకుందని చూసి తెలుసుకున్నాను.