ఐదో మనిషి

గురువమ్మ చెప్పేది విని ఇంగ్లీషులో పెట్టమని విదేశీ పౌరహక్కుల సంస్థ ఒకటి నన్ను పంపింది. ఆవిడ కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ కూలీ, ఇంటిభాష తెలుగు. ఊరి బావిలో కలుస్తున్న మురికినీళ్ల గురించి తాలూకాఫీసు ముందు నోరు మెదపకుండా కూర్చున్నందుకు, మరో ఇరవైమంది ఆడవాళ్లతో పాటు ఆవిణ్ణీ అరెస్టు చేశారు. బెయిలిచ్చారు గానీ, రోజూ పొద్దున పదింటికి విరుదునగర్ పోలీస్ స్టేషన్లో సంతకం పెట్టాలి. ఐదుగురు ఒకచోట చేరితే మళ్లీ జైలే.

చెన్నై రైలు తెల్లవారుజామున ఐదున్నరకి కోవిల్‌పట్టిలో దించింది. కాఫీ తాగి, ఏడుంపావుకి బస్టాండు చేరాను. ఆడవాళ్లు ఒకరినొకరు ఎరగనట్టే, నలుగురు ఒక బస్సు, నలుగురు తర్వాతి బస్సు ఎక్కుతున్నారు. ఎక్కాక కూడా తలో సీటు. గురువమ్మ నాకు కిటికీ పక్కన చోటిచ్చింది.

“భయం లేదా?” అన్నాను.

“ఉండాదిక్కా. లేకుంటే ఈ లెక్క దేనికి?”

తొమ్మిదికల్లా విరుదునగర్‌లో ఉన్నాం. స్టేషన్ ఎదురుగా జెరాక్స్ కొట్టు రేకుల కింద ఆవిడా, ఇంకో ముగ్గురూ నీడకు కూర్చున్నారు. మిగతావాళ్లు దూరదూరంగా ఎండలోనే. నేను తిన్నగా వెళ్లి ఆ నలుగురి మధ్య చతికిలబడి నోటుబుక్కు తెరిచాను. బుద్ధి గడ్డి తినడమంటే అదే!

గేటు దగ్గరి కానిస్టేబుల్ మావైపు వచ్చాడు. వేలు చూపిస్తూ లెక్కపెట్టడం మొదలెట్టాడు. ఐదోదాన్ని నేనేనని అప్పుడు తట్టింది. గురువమ్మ మాత్రం తొందరేం లేకుండా కొంగు దులుపుకుని లేచి, రోడ్డు దాటి ఎండలో నిలబడింది. అతని వేలు నాలుగు దగ్గర ఆగింది. వెనక్కి వెళ్లిపోయాడు.

సంతకాలయ్యాక, “లేవాల్సింది నేను కదమ్మా” అన్నాను.

“మీరు ఊరికి కొత్త. లేచి యాడికి పోతారు? మాకు రోజూ ఇదే, పళకమైపోయినాది.”

మధ్యాహ్నం పరోటా కొట్లో కూడా బల్లకు నలుగురే. నేను విడిగా ఇంకో బల్ల దగ్గర కూర్చుని, నన్ను పంపిన విదేశీ సంస్థవాళ్లకు ఏం రాయమంటావని గురువమ్మను అడిగాను.

“మేము ఊరికే కూచుంటిమి. అదే రాయండి. ఇంకేమీ చేర్చొద్దు.”

రెండు నోటుబుక్కులు మోసుకెళ్లి ఆ ఒక్క మాటతో తిరిగొచ్చాను. ఇంత చదివినదాన్ని, ఇలాంటి ధైర్యం ఎక్కడా చూడలేదు.

సాయంత్రం విరుదునగర్‌లోనే రైలెక్కాను. మదురై దాటాక గురువమ్మ ఇచ్చిన పల్లీపట్టీ పొట్లం విప్పితే, “కోవిల్‌పట్టిదేనా?” అంటూ ఎదుటి సీటు పెద్దాయన చెయ్యి చాచాడు. ఆయన భార్య, పక్కనున్న కాలేజీ అమ్మాయి, ఆమె తల్లి తలో ముక్క తీసుకుని కబుర్లలో పడ్డారు.

నాకు తెలియకుండానే లెక్కపెట్టాను. నాతో కలిపి ఐదుగురం.

ఎవరూ లేవలేదు.